లూథర్ బర్బాంక్

లూథర్ బర్బాంక్ (మార్చి 7, 1849 - ఏప్రిల్ 11, 1926) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ ఉద్యానవేత్త, సస్య ప్రజననకర్త. కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంటా రోసా పట్టణంలో అర్ధ శతాబ్దం పాటు నివసించి, పండ్లు, పూలు, కూరగాయలు, గింజలు, పశుగ్రాసాలకు సంబంధించి 800లకు పైగా కొత్త వంగడాలను రూపొందించాడు. బర్బాంక్ బంగాళాదుంప, శాంటా రోసా ప్లమ్, షాస్టా డైసీ, ముళ్లులేని నాగజెముడు వీటిలో ప్రసిద్ధమైనవి. వేలాది సంకర నారుమొక్కలలో నుండి పనికివచ్చే ఒకటి రెండింటిని గుర్తించి తక్కినవాటిని నిర్మూలించే పద్ధతిని ఇతడు అంతకు ముందెన్నడూ లేనంత విస్తృతంగా అమలుపరచాడు. ప్రజలు ఇతడిని మాంత్రికుడిగా కొనియాడగా, శాస్త్రజ్ఞులలో అనేకులు ఇతడి పనిలో శాస్త్రీయమైన లెక్కలు లేవని ఆక్షేపించారు. ఈ రెండు అభిప్రాయాల మధ్య ఘర్షణ ఇతడి జీవితకాలమంతా కొనసాగింది.

బాల్యం, విద్యాభ్యాసం

బర్బాంక్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని లాంకాస్టర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్ వాల్టన్ బర్బాంక్ వ్యవసాయం చేస్తూ ఇటుకల తయారీ కూడా సాగించేవాడు. తల్లి ఆలివ్ రాస్ ఆయనకు మూడవ భార్య. తండ్రి సంతానంలో లూథర్ 13వ వాడు. చిన్ననాటి నుండి తల్లి పెంచే పూలతోటపై ఇతడికి మక్కువ ఏర్పడింది. లాంకాస్టర్ అకాడమీలో చదువుకున్నాడు గాని కళాశాల విద్య అభ్యసించలేదు. యువకుడిగా ఉన్నపుడు కొంతకాలం వూస్టర్ నగరంలో నాగళ్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు.

ఈ కాలంలోనే, 1868లో ప్రచురితమైన చార్లెస్ డార్విన్ గ్రంథం ఒకటి ఇతడి చేతికి వచ్చింది. పెంపుడు జంతువులలోను, సాగు మొక్కలలోను కనిపించే వైవిధ్యాన్ని గురించిన గ్రంథమది. సాగు మొక్కలలో మార్పులు ఎలా కలుగుతాయో, మనిషి తనకు కావలసినవాటిని ఎంచుకుంటూ పోతే తరతరానికి జాతి ఎలా మారుతుందో అందులో వివరంగా ఉంది. బర్బాంక్ జీవిత గమనాన్ని నిర్ణయించిన పుస్తకం ఇదేనని చెప్పవచ్చు. తండ్రి మరణానంతరం తన వాటాగా వచ్చిన సొమ్ముతో లునెన్‌బర్గ్ గ్రామం వద్ద 17 ఎకరాల భూమి కొని, కూరగాయలు పండించి అమ్మడం మొదలుపెట్టాడు.

బంగాళాదుంప వంగడం

బంగాళాదుంపను సాధారణంగా దుంప ముక్కలను నాటి పెంచుతారు. అలా పెంచిన మొక్కలన్నీ తల్లి మొక్కను పోలి ఉంటాయి. విత్తనం నుండి పెంచితే మాత్రం ప్రతి మొక్కా వేరుగా ఉంటుంది. మామిడి టెంక నుండి మొలిచిన చెట్టు తల్లిచెట్టు వంటి పండ్లనే ఇస్తుందన్న నమ్మకం లేకపోవడం, అందువలన అంటుమొక్కలను నాటడం తెలుగు రైతులకు తెలిసిన విషయమే. బంగాళాదుంప విషయంలోనూ ఇదే జరుగుతుంది. అయితే అప్పట్లో ఎక్కువగా సాగులో ఉన్న ఎర్లీ రోజ్ అనే రకం కాయలు కాయడం చాలా అరుదు.

1870ల ఆరంభంలో బర్బాంక్ తన తోటలో ఎర్లీ రోజ్ మొక్కకు ఒకే ఒక కాయ ఉండడం గమనించాడు. అది పండే వరకు కాచుకొని ఉండగా ఒకనాడు మొక్క మీద కనిపించలేదు. నేలంతా వెదకి రాలిపడిన కాయను సంపాదించాడు. అందులో 23 గింజలు ఉన్నాయి. వాటిని విత్తగా 23 మొక్కలూ మొలిచి, ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన దుంపలను ఇచ్చాయి. వాటిలో ఒకటి తక్కినవాటి కంటె ఎంతో మెరుగైనదిగా తేలింది. దుంపలు పెద్దవి, తెల్లనివి, నునుపైనవి. దిగుబడి కూడా అధికం.

ఈ వంగడం హక్కులను మార్బుల్‌హెడ్‌కు చెందిన విత్తన వ్యాపారి జేమ్స్ గ్రెగరీ 150 డాలర్లకు కొన్నాడు. బర్బాంక్ అడిగినది 500 డాలర్లు. గ్రెగరీ ఈ వంగడానికి బర్బాంక్ పేరే పెట్టి, 10 దుంపలను ఉంచుకొనడానికి ఇతడిని అనుమతించాడు. తరువాతి కాలంలో ఈ వంగడం నుండి గరుకైన గోధుమరంగు తొక్క గల మార్పు ఒకటి పుట్టింది. రస్సెట్ బర్బాంక్ అనే ఈ రకం ఉత్తర అమెరికాలో అత్యధికంగా సాగయ్యే బంగాళాదుంపలలో ఒకటిగా నిలిచింది. పొడవైన వేపుడు ముక్కలకు అనువైనది కావడం వలన ఫలహారశాలలు దీనిని విస్తారంగా వాడతాయి.

కాలిఫోర్నియాకు తరలింపు

1875లో బర్బాంక్ తన భూమిని అమ్మి, అప్పటికే సోదరులు స్థిరపడి ఉన్న కాలిఫోర్నియాకు బయలుదేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న శాంటా రోసాలోని సారవంతమైన నేల, మంచు తక్కువగా ఉండే శీతాకాలం ఇతడిని ఆకర్షించాయి. వెంట తెచ్చుకొన్న ఆస్తిలో ఆ 10 దుంపలు కూడా ఉన్నాయి. మొదటి రోజులు కష్టంగా గడిచాయి. దొరికినప్పుడు వడ్రంగి పని చేస్తూ, కొంతకాలం జబ్బుపడి, చాలీచాలని తిండితో కాలం వెళ్లబుచ్చాడు. క్రమంగా కొద్దిపాటి నేలలో నర్సరీ నెలకొల్పి పండ్ల మొక్కలు అమ్మసాగాడు.

1881లో వారెన్ డట్టన్ అనే ధనికుడు ఎండు పండ్లకు ఉపయోగపడే ప్రూన్ తోట వేయదలచి, ఆ సంవత్సరాంతానికే 20,000 అంటుమొక్కలు కావాలని కోరాడు. మామూలుగా ఇటువంటి మొక్కలు సిద్ధం కావడానికి రెండు మూడు సంవత్సరాలు పడుతుంది. ఏ నర్సరీ కూడా ఒప్పుకొనని ఈ పనిని బర్బాంక్ అంగీకరించాడు. ప్లమ్ గింజలు నెమ్మదిగా మొలుస్తాయి గనుక, వాటికి దగ్గరి బంధువై తొందరగా మొలిచే బాదం గింజలను విత్తాడు. వేసవి ఆరంభానికి ఆ మొక్కలు కన్ను అంటు కట్టడానికి తగినంత ఎదిగాయి. కూలీలను పెట్టి వాటికి ప్రూన్ కన్నులను అతికించి, అవి పట్టుకొన్న తరువాత బాదం కొమ్మలను వంచి, పిదప తొలగించాడు. గడువు నాటికి 19,000లకు పైగా మొక్కలు సిద్ధమయ్యాయి. ఈ ఒప్పందంతో ఇతడి సమర్థత ఆ ప్రాంతమంతటా తెలిసింది.

1885లో సమీపంలోని సెబాస్టపోల్ వద్ద ప్రయోగ క్షేత్రం కొన్నాడు. గోల్డ్ రిడ్జ్ క్షేత్రమని పిలువబడే ఇది క్రమంగా 18 ఎకరాల వరకు పెరిగింది. 1880ల చివరలో లాభాలు తెచ్చిపెడుతున్న నర్సరీ వ్యాపారాన్ని వదులుకొని, పూర్తి కాలం కొత్త వంగడాల సృష్టికి కేటాయించాడు. 1893లో వెలువరించిన కొత్త పండ్లు, పూల జాబితా దేశ విదేశాలలో సంచలనం కలిగించింది. ఆ జాబితా పేరులో సృష్టి అనే అర్థమిచ్చే పదం ఉండడం వలన కొందరు మతాభిమానులు దైవకార్యంలో జోక్యం చేసుకొంటున్నాడని ఇతడిని విమర్శించారు.

సంకరణ, ఎంపిక విధానం

బర్బాంక్ పనిలో మొదటి దశ వైవిధ్యాన్ని కలిగించడం. దీనికోసం జపాన్, చైనా, ఐరోపా, దక్షిణ అమెరికా మొదలైన ప్రాంతాల నుండి మొక్కలను, విత్తనాలను తెప్పించి, స్థానిక జాతులతో సంకరపరచేవాడు. ఒక పువ్వు నుండి సేకరించిన పుప్పొడిని చిన్న గాజు పళ్లెంలో ఉంచి, వేలి కొసతో మరొక పువ్వు కీలాగ్రానికి అద్దడం ఇతడి పద్ధతి. మొదటి తరం సంకర మొక్కలు చాలావరకు ఒకే రీతిగా ఉన్నా నిరాశ చెందేవాడు కాదు. వాటి విత్తనాలను మళ్లీ విత్తితే రెండవ తరంలో తాత ముత్తాతల లక్షణాలన్నీ రకరకాల కలయికలతో బయటపడతాయని ఇతడు అనుభవంతో గ్రహించాడు. అసలైన ఎంపిక ఈ రెండవ తరంతోనే ఆరంభమయ్యేది.

రెండవ దశ నారు పరీక్ష. విత్తనాలను పెట్టెలలో ఒత్తుగా చల్లి, మొలకలను వరుసలలోకి మార్చేవాడు. పండ్ల మొక్క కాపుకు రావడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది. వేలాది మొక్కలను అన్ని సంవత్సరాలు పెంచడానికి నేల గాని ధనం గాని చాలవు. అందువలన ఆకు పరిమాణం, మందం, రంగు, కాడ బలం, కన్నుల అమరిక వంటి గుర్తులను బట్టి చిన్న మొక్క దశలోనే భవిష్యత్తును అంచనా వేసేవాడు. ఉదాహరణకు, లేత మొక్కలో ఆకుల రంగుకు, తరువాత కాయబోయే పండు రంగుకు సంబంధం ఉండవచ్చు. వరుసల వెంట వేగంగా నడుస్తూ, నచ్చిన మొక్కకు గుడ్డ పీలిక కట్టి గుర్తు పెట్టడం, వెనుక వచ్చే పనివారు తక్కినవాటిని పీకివేయడం ఇతడి క్షేత్రంలో నిత్యకృత్యం.

మూడవ దశ అంటుకట్టి పరీక్షించడం. మిగిలిన నారుమొక్కల నుండి చిన్న కొమ్మలను తీసి, అప్పటికే పెరిగి ఉన్న పెద్ద చెట్టుకు అంటు కట్టేవాడు. ఇందువలన సంవత్సరాల తరబడి వేచి ఉండకుండా రెండు మూడేండ్లలో పండు రుచి చూడడానికి వీలయ్యేది. ఒకే చెట్టు మీద వందలాది రకాల ప్లమ్ కొమ్మలు కనిపించడం సందర్శకులను అబ్బురపరచేది. పండు పరిమాణం, రుచి, వాసన, టెంక, తొక్క గట్టిదనం, చెట్టు కాపు, దూరప్రాంతాలకు రవాణా చేసినపుడు నిలువ ఉండడం అనేవి ఇతడు పరిశీలించే ముఖ్యాంశాలు. ఎంత రుచిగా ఉన్నా పెట్టెలో నలిగిపోయే పండును తిరస్కరించేవాడు.

చివరి దశ నిర్మూలన. పనికిరాదని తేలిన మొక్కలను కుప్పవేసి తగులబెట్టించేవాడు. బెర్రీ జాతుల ప్రయోగంలో వేల సంఖ్యలో పొదలను కాల్చివేసి, చివరకు కొద్ది మొక్కలను మాత్రమే నిలుపుకొన్న సందర్భాలు ఉన్నాయి. నాసిరకం మొక్కలు బయటకు పోతే తన పేరుకు మచ్చ అని ఇతడి భావన. ఎన్నుకొన్న ఒక్క మొక్కను మాత్రం అంట్ల ద్వారా గాని దుంపల ద్వారా గాని ఎన్ని లక్షలకైనా పెంచవచ్చును. విత్తనం వలన కలిగే వైవిధ్యాన్ని ఎంపికకు, అంటు వలన కలిగే ఏకరూపతను వ్యాప్తికి వాడుకొనడమే ఇతడి విధానపు సారాంశం.

ముఖ్యమైన వంగడాలు

ప్లమ్: 1885లో జపాన్ నుండి తెప్పించిన ప్లమ్ మొక్కలు ఇతడి పండ్ల ప్రయోగాలకు ఆధారమయ్యాయి. ప్లమ్, ప్రూన్ జాతులలో మొత్తం 113 రకాలను ఇతడు విడుదల చేశాడు. వీటిలో 1906లో వెలువడిన శాంటా రోసా రకం కాలిఫోర్నియా పండ్ల తోటలలో చిరకాలం అగ్రస్థానంలో ఉంది. భారతదేశంలో హిమాచల్ ప్రదేశ్ తోటలలో కూడా ఈ రకం సాగవుతోంది.

ప్లమ్‌కాట్: ప్లమ్, ఆప్రికాట్ జాతులను కలిపి పుట్టించిన సంకర ఫలం. ఈ రెండింటికీ సంకరణం అసాధ్యమని అప్పట్లో అనేకులు భావించేవారు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో వెలువడిన ప్లూవాట్ అనే పండ్లకు ఇది మార్గదర్శకం.

షాస్టా డైసీ: న్యూ ఇంగ్లాండ్ పొలాలలో కలుపుగా పెరిగే డైసీకి ఐరోపా జాతులను, పిదప స్వచ్ఛమైన తెల్లని రేకలు గల జపాన్ జాతిని కలిపి 17 సంవత్సరాల కృషితో 1901లో విడుదల చేశాడు. మంచుతో కప్పబడిన షాస్టా పర్వతం పేరు దీనికి పెట్టాడు. నాలుగు జాతుల కలయికతో రూపొందిన ఈ పువ్వు నేడు ప్రపంచమంతటా తోటలలో కనిపిస్తుంది.

అక్రోటు: కాలిఫోర్నియా నల్ల అక్రోటును పర్షియన్ అక్రోటుతో సంకరపరచి పారడాక్స్ అనే వేగంగా ఎదిగే చెట్టును సృష్టించాడు. ఇది కలపకు, తరువాత అక్రోటు తోటలలో అంటు కట్టడానికి వేరు మూలంగాను ఉపయోగపడింది.

తెల్ల బ్లాక్‌బెర్రీ: నల్లని పండ్లు గల జాతి నుండి దాదాపు పారదర్శకంగా ఉండే తెల్లని పండ్లు గల రకాన్ని రూపొందించాడు. వాణిజ్యపరంగా దీనికి ఆదరణ లభించలేదు.

శాస్త్రజ్ఞులతో సంబంధాలు

1900లో గ్రెగర్ మెండెల్ అనువంశికతా సూత్రాలు తిరిగి వెలుగులోకి వచ్చాయి. వాటిని వెలికితీసిన వారిలో ఒకడైన డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్ 1904లో శాంటా రోసాకు వచ్చి బర్బాంక్ పనిని పరిశీలించాడు. ఇతడి నైపుణ్యాన్ని, పని పరిమాణాన్ని మెచ్చుకొన్నాడు గాని, కొత్త శాస్త్ర సిద్ధాంతమేదీ ఇందులో లేదని అభిప్రాయపడ్డాడు.

1905లో వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ బర్బాంక్‌కు సంవత్సరానికి 10,000 డాలర్ల సహాయం మంజూరు చేసింది. ఇతడి పద్ధతులను శాస్త్రీయంగా నమోదు చేయడం ఈ సహాయంలోని ముఖ్యోద్దేశం. ఆ పనికి జార్జి హారిసన్ షల్ అనే యువ శాస్త్రజ్ఞుడిని నియమించారు. కాని వారిద్దరి మధ్య పొత్తు కుదరలేదు. ఏ మొక్కకు ఏ మొక్క తల్లి, ఏది తండ్రి, ఎన్ని విత్తనాలు విత్తారు, ఎన్ని మొలిచాయి అనే లెక్కలు షల్‌కు కావాలి. బర్బాంక్ వద్ద ఉన్నవి కోసిన పండును కాగితం మీద ఒత్తి తీసిన ముద్రలు, పక్కన క్లుప్తమైన వ్యాఖ్యలు, అంతకు మించి తన జ్ఞాపకశక్తి మాత్రమే. సంకరపరచిన పువ్వులను తేనెటీగల నుండి కాపాడే ఏర్పాటు కూడా అనేక సందర్భాలలో ఉండేది కాదు. అందువలన ఫలానా సంకరం నుండి ఫలానా మొక్క వచ్చిందని రుజువు చేయడం కష్టమయింది. జీవితకాలంలో ఆర్జించిన లక్షణాలు సంతానానికి సంక్రమిస్తాయని బర్బాంక్ నమ్మడం కూడా శాస్త్రజ్ఞులకు అంగీకారం కాలేదు.

1909 చివరలో కార్నెగీ సంస్థ సహాయాన్ని నిలిపివేసింది. షల్ నివేదిక పూర్తి రూపంలో ప్రచురణకు నోచుకోలేదు. ఇదే షల్, శాంటా రోసా ప్రయాణాలు సాగిన ఆ సంవత్సరాలలోనే మొక్కజొన్నపై ఖచ్చితమైన లెక్కలతో ప్రయోగాలు చేసి, సంకర మొక్కజొన్న విప్లవానికి పునాది వేశాడు. సస్య ప్రజననం వ్యక్తిగత కళ నుండి లెక్కలతో కూడిన శాస్త్రంగా మారుతున్న దశకు వీరిద్దరూ రెండు చివరల నిలిచారు.

బర్బాంక్ పక్షాన చెప్పదగిన అంశం కూడా ఉంది. ఆనాడు కొత్త వంగడాన్ని కనిపెట్టినవాడికి చట్టపరమైన హక్కు ఏదీ లేదు. యంత్రానికి పేటెంటు ఇచ్చే చట్టం మొక్కకు వర్తించేది కాదు. ఒకసారి మొక్క అమ్ముడుపోతే కొన్నవాడు ఎన్ని అంట్లయినా కట్టి అమ్ముకొనవచ్చును. తన వంగడాలను మొదటిసారి అమ్మినపుడు వచ్చిన సొమ్ముతోనే ఇతడు క్షేత్రాన్ని నడపవలసి వచ్చేది. కాబట్టి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుని వలె ప్రతి నారుమొక్కకూ లెక్క రాయడానికి గాని, రహస్యాలను బయటపెట్టడానికి గాని పరిస్థితులు అనుకూలించలేదు.

ముళ్లులేని నాగజెముడు

ఎడారి ప్రాంతాలలో నీరు లేకుండా పెరిగే నాగజెముడుకు ముళ్లు లేకుండా చేస్తే అది పశువులకు గొప్ప మేత కాగలదని బర్బాంక్ భావించాడు. ముళ్లు తక్కువగా ఉన్న రకాలను అనేక ప్రాంతాల నుండి తెప్పించి, వాటిని సంకరపరచి, సంవత్సరాల తరబడి ఎంపిక చేసి 1907లో విడుదల చేశాడు. ఈ పనిలో చేతులకు, ముఖానికి గుచ్చుకొన్న సన్నని ముళ్లు ఇతడిని ఎంతో బాధించాయి.

ఈ మొక్కపై దేశమంతటా విపరీతమైన ఆశలు రేగాయి. 1912లో కొందరు పెట్టుబడిదారులు బర్బాంక్ పేరుతో ఒక కంపెనీ స్థాపించి అమ్మకాల హక్కులు పొందారు. గిరాకీకి తగినన్ని మొక్కలు లేకపోవడంతో మామూలు నాగజెముడు ముళ్లను కాల్చి, గీకి అమ్మిన ఉదంతాలు బయటపడ్డాయి. నిజమైన మొక్కకు కూడా పరిమితులున్నాయి. బాగా పెరగాలంటే దానికి కొంత నీరు కావాలి, గడ్డకట్టే చలికి తట్టుకోదు. ముళ్లు లేకపోవడం వలన కంచె లేనిచోట పశువులు మొక్కను మొదలంటా తినివేస్తాయి. కొన్ని సంవత్సరాలలోనే కంపెనీ దివాలా తీసింది. నిర్వహణతో బర్బాంక్‌కు నేరుగా సంబంధం లేకపోయినా ప్రజలలో ఇతడి పేరు కొంత దెబ్బతిన్నది.

రచనలు, అభిప్రాయాలు

1907లో పిల్లల పెంపకంపై ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. మొక్కకు మంచి నేల, వెలుతురు, ఓర్పు ఎంత అవసరమో బిడ్డకు కూడా అంతే అవసరమని, పదేండ్ల వయసు వచ్చేవరకు పిల్లలను బడిలో బంధించక ప్రకృతి మధ్య పెరగనివ్వాలని అందులో వాదించాడు. అయితే ఆ కాలంలో ప్రచారంలో ఉన్న సుజనన వాదం ప్రభావం కూడా ఇతడిపై ఉంది. అమెరికన్ బ్రీడర్స్ అసోసియేషన్ నియమించిన సుజనన సంఘంలో ఇతడు సభ్యుడు. మొక్కల ఎంపిక సూత్రాలను మనుషులకు వర్తింపజేసిన ఆ వాదాన్ని తరువాతి కాలం తిరస్కరించింది.

1914-15 సంవత్సరాలలో ఇతడి పద్ధతులను వివరించే 12 సంపుటాల గ్రంథం రంగుల చిత్రాలతో వెలువడింది. ఇందులో చాలా భాగం సంపాదకుల చేతిలో రూపుదిద్దుకొన్నందున చెప్పిన ప్రతి విషయాన్నీ యథాతథంగా స్వీకరించడానికి పరిశోధకులు సందేహిస్తారు.

వ్యక్తిగత జీవితం

1890లో హెలెన్ కోల్‌మన్‌ను వివాహమాడాడు. ఆ దాంపత్యం సవ్యంగా సాగక 1896లో విడాకులతో ముగిసింది. 1916లో తన కార్యదర్శిగా ఉన్న ఎలిజబెత్ వాటర్స్‌ను వివాహం చేసుకొన్నాడు. ఇతడికి కన్న సంతానం లేదు. సందర్శకుల తాకిడి ఎంతగా ఉండేదంటే పని జరగడమే కష్టమయ్యేది. 1915లో థామస్ ఆల్వా ఎడిసన్, హెన్రీ ఫోర్డ్ శాంటా రోసాకు వచ్చి ఇతడి తోటను చూశారు.

భారతదేశంతో సంబంధం

1880లలో భారతదేశం నుండి వచ్చిన విత్తనాల నుండి బర్బాంక్ ఒక బ్లాక్‌బెర్రీ రకాన్ని ఎంపిక చేసి, హిమాలయా జయంట్ అనే పేరుతో 1885లో విడుదల చేశాడు. నిజానికి ఈ మొక్క ఆర్మీనియా, ఇరాన్ ప్రాంతాలకు చెందినదని తరువాత తేలింది. రుచిగల పండ్లను విరగకాసే ఈ ముళ్లపొద తోటలను దాటి వ్యాపించి, అమెరికా వాయవ్య ప్రాంతంలో నిర్మూలించడానికి సాధ్యపడని కలుపు మొక్కగా మారింది. ఒక తోటలో మేలైనదిగా ఎన్నికైన మొక్క ఆ తోట వెలుపల ఏమి చేయగలదో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

1920లలో పరమహంస యోగానందతో ఇతడికి స్నేహం ఏర్పడింది. యోగానంద నుండి క్రియాయోగ దీక్ష స్వీకరించాడు. 1946లో ప్రచురితమైన యోగానంద ఆత్మకథ బర్బాంక్ స్మృతికి అంకితమైనది. అందులో ఒక అధ్యాయం ఇతడిని గురించినదే. ఒక యోగి ఆత్మకథ పేరుతో తెలుగులోకి కూడా అనువాదమైన ఆ గ్రంథం ద్వారానే తెలుగు పాఠకులలో చాలామందికి బర్బాంక్ పేరు పరిచయమయింది.

చివరి రోజులు

1926 జనవరిలో ఒక శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో బర్బాంక్ తనకు సంప్రదాయ మతవిశ్వాసాలపై నమ్మకం లేదని బహిరంగంగా ప్రకటించాడు. దేశమంతటా పెద్ద దుమారం చెలరేగింది. వేలాదిగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిలో అభినందనలు, దూషణలు, మనసు మార్చుకోమనే విన్నపాలు అన్నీ ఉన్నాయి. కొద్ది వారాల తరువాత గుండెపోటుకు గురై, 1926 ఏప్రిల్ 11న తన 77వ ఏట శాంటా రోసాలో మరణించాడు. కోరిక మేరకు ఇంటి ఆవరణలో తాను పెంచిన లెబనాన్ దేవదారు వృక్షం నీడన ఇతడిని సమాధి చేశారు. వ్యాధిగ్రస్తమైన ఆ చెట్టును 1989లో తొలగించారు.

మరణానంతరం

1930లో అమెరికా కాంగ్రెసు మొక్కల పేటెంటు చట్టాన్ని ఆమోదించింది. చట్టం కోసం జరిగిన చర్చలలో ఎడిసన్, ఎలిజబెత్ బర్బాంక్ మద్దతు పలికారు. జీవితకాలంలో తన మొక్కలపై ఏ హక్కూ పొందలేకపోయిన బర్బాంక్‌కు మరణానంతరం ఈ చట్టం క్రింద 16 పేటెంట్లు లభించాయి. దుంపల ద్వారా వ్యాప్తి చెందే మొక్కలను ఈ చట్టం నుండి మినహాయించారు. అందువలన ఇతడి పేరు నిలిపిన బంగాళాదుంప వంటి వంగడానికి అప్పటికి కూడా రక్షణ లభించి ఉండేది కాదు.

మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాహ్లో 1931లో ఇతడిని సగం మనిషిగా, సగం చెట్టుగా చిత్రించింది. 1940లో అమెరికా తపాలా శాఖ ఇతడి బొమ్మతో 3 సెంట్ల తపాలా బిళ్ల విడుదల చేసింది. 1964లో శాంటా రోసాలోని ఇల్లు, తోట జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందాయి. 1986లో జాతీయ ఆవిష్కర్తల గౌరవ మందిరంలో ఇతడికి స్థానం లభించింది. ఇతడి పుట్టినరోజైన మార్చి 7వ తేదీని కాలిఫోర్నియాలో వృక్షారోపణ దినంగా పాటిస్తారు. లాస్ ఏంజెలెస్ సమీపంలోని బర్బాంక్ నగరానికి ఆ పేరు ఇతడి వలన వచ్చినది కాదు. అది డేవిడ్ బర్బాంక్ అనే దంతవైద్యుడి పేరు మీద ఏర్పడింది.

అంచనా

బర్బాంక్ విడుదల చేసిన వంగడాలలో అత్యధికం కాలగర్భంలో కలిసిపోయాయి. కొన్నింటి గుణాలను గురించి జరిగిన ప్రచారం వాస్తవాన్ని మించింది. లెక్కలు రాసి పెట్టకపోవడం వలన ఇతడి అనుభవంలో అధికభాగం ఇతడితోనే అంతరించింది. మెండెల్ సూత్రాలు తెలిసిన ప్రజననకర్తలు చేసిన పనిని మరొకరు మరొక చోట తిరిగి చేసి చూడగలరు. బర్బాంక్ పనిని అలా చేసి చూడడం సాధ్యం కాదు.

అయినప్పటికీ, నాటిన వేల మొక్కలలో మేలైనదానిని పసిగట్టే ఇతడి చూపును విమర్శకులు కూడా కాదనలేదు. ఈనాడు ప్రజననకర్తలు లేత మొక్క ఆకు నుండి జన్యు పదార్థాన్ని తీసి పరీక్షించి, కాపు రాకముందే పనికిరానివాటిని తొలగిస్తున్నారు. సాధనం మారినా, నారు దశలోనే భవిష్యత్తును తెలుసుకొని నేలను, కాలాన్ని ఆదా చేయాలన్న లక్ష్యం బర్బాంక్ తన వరుసల మధ్య నడుస్తూ సాధించదలచినదే. ప్లమ్, అక్రోటు, డైసీ తోటలలోను, బంగాళాదుంప పొలాలలోను ఇతడు ఎన్నుకొన్న మొక్కల సంతతి నేటికీ సాగులో ఉంది.